తెలుగు చానళ్లలో వారానికి ఒక పటం

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఉక్రెయిన్‌లో గానీ, పశ్చిమాసియాలో గానీ, మన సరిహద్దుల్లో గానీ ఉద్రిక్తత తలెత్తినప్పుడల్లా మన తెలుగు వార్తా చానళ్ల తెర మీద దాదాపు ఒకే రకం పటం కనిపిస్తుంది. రెండు దేశాలకు రెండు రంగులు పులిమి, ఒకదాని మీంచి మరొకదాని మీదికి ఎర్రటి బాణాలు దూసుకుపోతున్నట్టు, మధ్యలో మంటలు లేస్తున్నట్టు చూపిస్తారు. దానికి స్కేలు ఉండదు, తేదీ ఉండదు, ఏ ఆధారంతో గీశారో ఉండదు. అక్కడ కొండలున్నాయో నదులున్నాయో, ఆ నేల మీద ఏ భాష మాట్లాడే జనం బతుకుతున్నారో, ఆ సరిహద్దును ఎవరు ఎప్పుడు గీశారో తెలియకుండానే ఆ రాత్రి చర్చ ముగుస్తుంది. ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్న నాకు ఇది ఎంతో బాధ కలిగిస్తోంది. ఇదే పనిని ఎంతో శ్రద్ధగా చేస్తున్న కార్యక్రమం ఒకటి ఐరోపాలో మూడున్నర దశాబ్దాలుగా నడుస్తోంది. దాని గురించి మీ పాఠకులకు, మీ ద్వారా మన చానళ్ల యాజమాన్యాలకు తెలియజేసి, అటువంటిది తెలుగులో ఒకటి రావాలని కోరడానికే ఈ లేఖ.

ఫ్రాన్స్, జర్మనీ కలిసి ప్రజాధనంతో నడిపే ఆర్టే అనే చానల్‌లో వారం వారం వచ్చే ఆ కార్యక్రమం పేరు ‘లె దెసూ దె కార్త్’. జర్మన్ ప్రసారంలో దానిని ‘మిట్ ఆఫెనెన్ కార్టెన్’ అంటారు. జాన్-క్రిస్టోఫ్ విక్టర్ అనే ఆయన దీన్ని 1990లో, ఆర్టే కన్నా ముందున్న లా సెట్ అనే ఫ్రెంచి చానల్‌లో మొదలుపెట్టారు. 1992లో ఆర్టే ప్రసారాలు ప్రారంభమయ్యాక అక్కడికి వచ్చింది. ధ్రువ ప్రాంతాల్లో అన్వేషణలు చేసిన పోల్-ఎమిల్ విక్టర్ ఆయన తండ్రి. జాన్-క్రిస్టోఫ్ మానవజాతి శాస్త్రం చదివారు, చైనా భాష నేర్చుకున్నారు, అఫ్గానిస్తాన్‌లో పనిచేశారు, ఆకలి బాధితులకు సాయం అందించే ఒక స్వచ్ఛంద సంస్థను 1979లో నెలకొల్పినవారిలో ఒకరు. పటం మీద గీతను చూసినప్పుడు ఆ గీతకు అటూ ఇటూ ఉన్న మనుషులు ఆయన కంటికి ఆనడానికి ఆ అనుభవమే కారణమని నా నమ్మకం. పటాల ఆధారంగా రాజకీయ విశ్లేషణ చేయడానికి 1992లో లెపాక్ అనే ప్రత్యేక అధ్యయన సంస్థను కూడా స్థాపించారు. అంటే తెర మీద కొద్ది నిమిషాలు కనిపించే పటం వెనుక పరిశోధకులు, పటాలు గీసేవారు కలిసి పనిచేసేవారన్నమాట. 2016 డిసెంబరులో ఆయన మరణించాక కార్యక్రమం ఆగిపోలేదు. రేడియోలో పేరు తెచ్చుకున్న పాత్రికేయురాలు ఎమిలీ ఓబ్రీ 2017 నుంచి దాన్ని నడుపుతున్నారు. ఇంగ్లీషు ఉపశీర్షికలతో కొన్ని భాగాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి కనుక ఫ్రెంచి రాని నాలాంటివారు కూడా చూడగలుగుతున్నారు.

ఒక్కో భాగం నిడివి సుమారు 12 నిమిషాలు. మాట్లాడేది ఒక్కరే. ఎదురెదురుగా కూర్చుని అరుచుకునే అతిథులు ఉండరు, పక్కన పరుగులు తీసే అక్షరాలు ఉండవు. మొదట నేల స్వరూపం వస్తుంది: పర్వతాలు, కనుమలు, నదులు, ఎడారులు. దాని మీద జనం ఎక్కడ దట్టంగా ఉన్నారో, ఏ భాషలు, ఏ మతాలు ఎంతవరకు వ్యాపించాయో కనిపిస్తుంది. ఆ తరువాత పాత సామ్రాజ్యాల హద్దులు, అటుపైన నేటి సరిహద్దులు, చివరికి చమురు గొట్టాలు, రేవులు, సైనిక స్థావరాలు పొర మీద పొరగా చేరుతాయి. ఈ క్రమంలోనే ఆ కార్యక్రమం గొప్పతనం ఉంది. నేలను చూశాక సరిహద్దును చూస్తే, ఆ సరిహద్దు ఒకరోజు ఎవరో తీసుకున్న నిర్ణయమని చూసేవారికి వెంటనే అర్థమవుతుంది. అఫ్గానిస్తాన్ పటంలో ఈశాన్యాన చైనా వైపు వేలు చాచినట్టుండే వాఖాన్ పట్టీ ఎందుకుందో మా పిల్లలు అడుగుతుండేవారు. రష్యా సామ్రాజ్యం, బ్రిటిష్ ఇండియా ఒకదానికొకటి తగలకుండా 1895లో ఆ రెండు శక్తులు కుదుర్చుకున్న ఏర్పాటు అది. అఫ్గానిస్తాన్ వైపు గీసిన 1893 నాటి డ్యూరాండ్ రేఖ, టిబెట్ వైపు గీసిన 1914 నాటి మెక్‌మహాన్ రేఖ, భారత్, పాకిస్తాన్‌లను విడదీస్తూ 1947లో ఐదు వారాల్లో ముగించిన రాడ్‌క్లిఫ్ రేఖ, ఇవన్నీ మన పిల్లలు పరీక్షల కోసం కంఠస్థం చేసే పేర్లు. ఆ రేఖ ఏ లోయను, ఏ తెగను, ఏ కాలువను రెండుగా చీల్చిందో తెర మీద చూపిస్తే అవి బట్టీ పట్టనవసరం లేకుండానే గుర్తుండిపోతాయి.

ఆ కార్యక్రమం నేర్పే రెండో సంగతి, పటాన్ని ఎటునుంచి చూస్తున్నామన్నది. మన తరగతి గదుల గోడల మీద తరతరాలుగా వేలాడుతున్న ప్రపంచ పటాల్లో చాలావాటికి మూలం 1569లో మెర్కాటర్ అనే పటాల రూపకర్త నావికుల కోసం రూపొందించిన పద్ధతి. దిక్కులు తప్పకుండా ఓడ నడపడానికి అది అద్భుతంగా పనికొస్తుంది గానీ, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ భూభాగాలను విపరీతంగా పెద్దవి చేసి చూపిస్తుంది. అందులో గ్రీన్‌లాండ్ మన దేశం కన్నా ఎన్నో రెట్లు పెద్దదిగా, దాదాపు ఆఫ్రికా అంతదిగా కనిపిస్తుంది. నిజానికి గ్రీన్‌లాండ్ విస్తీర్ణం సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశానిది 32.87 లక్షలు, ఆఫ్రికాలో 14 గ్రీన్‌లాండ్‌లు పడతాయి. మరి అమెరికా అధ్యక్షుడు గ్రీన్‌లాండ్ కావాలని ఎందుకు పట్టుబట్టాడో తెలియాలంటే ఆ గోడ పటం చాలదు, భూగోళాన్ని ఉత్తర ధ్రువం మీంచి చూడాలి. అలా చూస్తే మన అట్లాస్‌లో చెరో చివర కనిపించే రష్యా, అమెరికా ఇరుగుపొరుగు దేశాలుగా మారతాయి. బేరింగ్ జలసంధిలో ఒకటి రష్యాకు, ఒకటి అమెరికాకు చెందిన డయోమీడ్ దీవుల మధ్య దూరం నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ఒక దేశం భయం ఏమిటో, ఆశ ఏమిటో ఆ దేశం ఉన్న చోట నిలబడి చూస్తేనే తెలుస్తుందన్న మర్యాద ఆ కార్యక్రమంలో ఉంది. ఆ దేశంతో ఏకీభవించాలని అది ఎవరినీ బలవంతపెట్టదు.

పటాన్ని ఇంత గంభీరంగా తీసుకోవడం ఫ్రెంచివారికి ఎలా అబ్బిందో చెప్పే ఒక ఉదంతాన్ని, గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన దానిగా, ఇక్కడ తప్పక ప్రస్తావించాలి. 1972లో అమెరికా విమానాలు ఉత్తర వియత్నాంలో ఎర్రనది డెల్టా మీద బాంబులు వేస్తున్న రోజుల్లో, నది గట్లను ఉద్దేశపూర్వకంగా కూలుస్తున్నారని వియత్నాం ఆరోపించింది, అమెరికా కాదంది. ఈవ్ లకోస్త్ అనే ఫ్రెంచి భూగోళశాస్త్రవేత్త అక్కడికి వెళ్లి, బాంబులు పడిన చోట్లను పటం మీద గుర్తించారు. నది మెలిక తిరిగేచోట బయటి వంపు గట్టుకు ప్రవాహపు ఒత్తిడి ఎక్కువ. అటువంటి చోట్లలో, అందులోనూ ఊళ్లు నది మట్టం కన్నా దిగువన ఉండే డెల్టా తూర్పు భాగంలో దెబ్బలు ఎక్కువగా పడ్డాయని ఆయన పటం చూపింది. ఆ వివరాలు లె మోంద్ పత్రికలో వచ్చి ప్రపంచమంతా చర్చకు దారితీశాయి. ఏటిగట్టుకు గండి పడితే ఏమవుతుందో 1986 ఆగస్టు వరదల్లో చూసిన మా కోనసీమవారికి ఆ పటం అర్థం కావడానికి ఒక్క నిమిషం చాలు. వియత్నాం యుద్ధం గురించి ఎన్ని గంటల ఉపన్యాసం విన్నా కలగని ఎరుక ఆ ఒక్క పటంతో కలుగుతుంది. లకోస్త్ 1976లో ప్రారంభించిన ‘హెరొడొట్’ పత్రిక భౌగోళిక రాజకీయాల అధ్యయనాన్ని ఫ్రాన్స్‌లో విశ్వవిద్యాలయాల స్థాయిలో నిలబెట్టింది. విక్టర్ కార్యక్రమం దాన్ని ఇళ్లలోకి తెచ్చింది.

ఇవన్నీ దూరదేశాల సంగతులు, తెలుగువారికి వీటితో పని ఏమిటని కొందరు అడగవచ్చు. శ్రీకాకుళం మత్స్యకారుల కుటుంబాలను అడిగితే జవాబు దొరుకుతుంది. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి పడవల మీద వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల జాలర్లను పాకిస్తాన్ అధికారులు తమ జలాల్లోకి వచ్చారంటూ పట్టుకుని జైల్లో పెట్టారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగి వచ్చారు. అప్పట్లో వారి భార్యల కన్నీళ్లు తెర మీద చూశాం, తిరిగి వచ్చినప్పటి ఆనందాన్నీ చూశాం. ఆ సముద్రంలో గీత ఎందుకు లేదో మాత్రం ఏ చానలూ పటం పెట్టి చెప్పగా నేను చూడలేదు.

ఆ కథ సర్ క్రీక్ దగ్గర మొదలవుతుంది. గుజరాత్, పాకిస్తాన్ సరిహద్దులోని కచ్ రణ్‌లో బురద నేలల మధ్య సుమారు 96 కిలోమీటర్ల పొడవున సాగే పాయ అది. ఆటుపోట్లతో అందులోని నీరు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. 1914లో బొంబాయి ప్రభుత్వం, కచ్ సంస్థానం కుదుర్చుకున్న ఒప్పందానికి జతపరిచిన పటంలో ఆ పాయ తూర్పు గట్టు వెంట ఒక ఆకుపచ్చ గీత ఉంది. అదే సరిహద్దని, కనుక పాయ అంతా తమదేనని పాకిస్తాన్ వాదిస్తుంది. ఓడలు నడిచే పాయల్లో నడి ప్రవాహమే హద్దన్న సూత్రం ఆ ఒప్పందంలోనే ఉందని, 1925 నాటి మరో పటం అదే చూపుతోందని మన దేశం వాదిస్తుంది. కచ్ రణ్ వివాదం మీద 1968లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చినా సర్ క్రీక్ అందులో చేరలేదు. నేల మీది సరిహద్దు సముద్రాన్ని తాకే చోటు ఏదో తేలితేనే అక్కడినుంచి సముద్రంలోకి గీత గీయగలరు. ఆ మొదటి చుక్క కొన్ని కిలోమీటర్లు అటో ఇటో జరిగితే, సముద్రంలోకి వెళ్లేకొద్దీ వందల చదరపు కిలోమీటర్ల నీటి భాగం, దాని అడుగున ఉన్న సంపదతో సహా చేతులు మారుతుంది. అందుకే రెండు దేశాలూ పట్టు విడవడం లేదు, అందుకే అక్కడ సముద్రంలో అంగీకరించిన గీత లేదు, అందుకే చేపల వెంట వెళ్లిన మనవాళ్లు జైలు పాలవుతున్నారు. 12 నిమిషాల్లో, నాలుగు పటాలతో, ఎవరినీ తిట్టకుండా చెప్పగలిగిన విషయం ఇది. ఎచ్చెర్ల నుంచి వేరావల్‌కు వలస వెళ్లే దారి, అంటే తూర్పు తీరం నుంచి పశ్చిమ తీరానికి దేశం అడ్డంగా దాటి జాలరి ఎందుకు పోతున్నాడన్నది కూడా ఆ పటాల్లో ఐదోదిగా చేరాలని నేను కోరుకుంటాను. ఐరోపావారికి తట్టని పటం అది.

హోర్ముజ్ జలసంధి సంగతీ ఇంతే. మా ప్రాంతంలో కువైట్‌లోనో, ఖతర్‌లోనో, మస్కట్‌లోనో మనిషి లేని వీధి అరుదు. గల్ఫ్‌లో ఏ చిన్న అలజడి జరిగినా ఇక్కడ ఫోన్లు మోగుతాయి. ఇరాన్‌కు, ఒమన్‌కు మధ్యనున్న ఆ జలసంధి అతి సన్నని చోట వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు, అందులో పెద్ద ట్యాంకర్లు వెళ్లడానికి, రావడానికి కేటాయించిన దారులు ఒక్కొక్కటి మూడు కిలోమీటర్లకు పైచిలుకు మాత్రమే. 2024లో రోజుకు సుమారు రెండు కోట్ల పీపాల చమురు, అంటే ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు, అందులోంచే పోయింది. జలసంధికి దక్షిణాన ముసందం అనే కొండల ద్వీపకల్పం ఉంది. అది ఒమన్‌దే అయినా, మధ్యలో యుఏఈ భూభాగం ఉండటంతో మిగతా ఒమన్ నుంచి విడిపోయి ఉంది. పుదుచ్చేరిలో భాగమై ఉండి మన గోదావరి ఒడ్డున విడిగా ఉన్న యానాం పక్కనే బతికే మాకు అదేమీ వింత కాదు. (ఆ యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉండేదని ఇక్కడ గుర్తుచేయవచ్చు.) సౌదీ అరేబియాకు ఎర్రసముద్రం మీది యన్బు రేవు దాకా చమురు గొట్టం ఉంది, యుఏఈకి జలసంధి బయటనున్న ఫుజైరా దాకా ఉంది, కువైట్, ఖతర్, బహ్రెయిన్‌లకు మాత్రం సముద్రంలో మరో దారి లేదు. ఈ ఒక్క వాక్యం పటం మీద కనబడితే, అక్కడ కొడుకో కూతురో ఉన్న తల్లిదండ్రులకు వార్తల్లో ఏది గమనించాలో తెలుస్తుంది.

ఆ పటాన్ని అక్కడితో ఆపకుండా తూర్పుకు జరిపితే విశాఖపట్నం వస్తుంది. మన దేశం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా దిగుమతే, అందులో అధిక భాగం గల్ఫ్ దేశాలదే. విశాఖలో సముద్ర తీరాన రాతి పొరల్లో తొలిచిన గుహలో 60 వేల టన్నుల వంటగ్యాస్ నిల్వ చేసే ఏర్పాటు ఉంది. అత్యవసర సమయాల కోసం ముడిచమురు దాచే మన దేశపు మూడు భూగర్భ నిల్వల్లో ఒకటి, 13.3 లక్షల టన్నుల సామర్థ్యం గలది, అదే నగరంలో ఉంది. మిగిలిన రెండూ కర్ణాటకలోని మంగళూరు, పాదూరులలో ఉన్నాయి. మూడింటిలో ఒకటి తూర్పు తీరాన ఎందుకు పెట్టారో పటం చూసిన పదో తరగతి పిల్లవాడు ఆలోచించగలడు. మన ఇంటి సిలిండరుకూ ముసందం కొండలకూ ఉన్న ఈ సంబంధం తెలుగులో చెప్పవలసినవారు ఎవరు? పారిస్‌లోనో స్ట్రాస్‌బర్గ్‌లోనో ఉన్నవారు ఎంత సమర్థులైనా విశాఖ దాకా పటాన్ని జరపరు. అందుకే ఆ కార్యక్రమాన్ని తెలుగులోకి డబ్బింగ్ చేస్తే చాలునని నేను అనడం లేదు. అది ఐరోపా కూడలిలో నిలబడి ప్రపంచాన్ని చూస్తుంది. ఆ చూపుకు దాని పరిమితి దానికి ఉంది. మనం బంగాళాఖాతం ఒడ్డున నిలబడి చూడాలి.

పటం కూడా అబద్ధం ఆడగలదన్న ఎరుక మనకు ఉండాలి. ఏ రంగు వాడాం, దేన్ని వదిలేశాం, ఎక్కడ కత్తిరించాం అన్న ప్రతి నిర్ణయంలోనూ ఒక పక్షం దాగి ఉండవచ్చు. అందుకే తేదీ, ఆధారం, స్కేలు, సూచిక లేని పటాన్ని ప్రసారం చేయకూడదన్న నియమం చానళ్లు తమకు తామే పెట్టుకోవాలి. వివాదంలో ఉన్న గీతను చుక్కలతో చూపి, ఎవరెవరి మధ్య వివాదమో రాయాలి. మన దేశ సరిహద్దుల విషయంలో భారత సర్వే విభాగం ప్రచురించిన పటాన్నే అనుసరించాలని చట్టం చెబుతోంది, ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలుశిక్ష పడవచ్చు. కశ్మీర్‌ను తప్పుగా చూపిన పటాల కారణంగా అల్ జజీరా చానల్ ప్రసారాలను 2015 ఏప్రిల్‌లో మన దేశంలో ఐదు రోజులు నిలిపివేశారు. ఈ చట్టానికి భయపడి పటాల జోలికే పోకుండా ఉండటం పరిష్కారం కాదు. అధికారిక పటాన్నే ముందుపెట్టి, నేల మీద పాకిస్తాన్ వైపు నియంత్రణ రేఖ, చైనా వైపు వాస్తవాధీన రేఖ ఎక్కడెక్కడ ఉన్నాయో వాటి పేర్లతో చూపుతూ చెప్పడానికి ఏ అడ్డంకీ లేదు. నిజానికి ఆ రేఖలకూ అంతర్జాతీయ సరిహద్దుకూ తేడా ఏమిటో తెలియకుండానే మనలో చాలామంది లదాఖ్ గురించి, కార్గిల్ గురించి ఆవేశపడుతున్నాం.

ఆ ఆవేశం ఎక్కడికి దారితీస్తుందో 2025 మే నెలలో చూశాం. భారత్, పాకిస్తాన్‌ల మధ్య కాల్పులు నడిచిన ఆ కొద్ది రోజుల్లో దేశంలోని కొన్ని చానళ్లు కరాచీ రేవు ధ్వంసమైపోయిందంటూ జరగనివాటిని జరిగినట్టు చెప్పాయి. వైమానిక దాడి హెచ్చరిక సైరన్ల శబ్దాన్ని కార్యక్రమాల్లో వాడవద్దని చివరికి ప్రభుత్వమే మాధ్యమాలను కోరవలసి వచ్చింది. నిజమైన సైరన్ మోగినప్పుడు జనం దాన్ని టీవీ శబ్దమని అనుకునే ప్రమాదం ఉంది గనుక ఆ ఆదేశం వచ్చింది. మంటల బొమ్మలు, ఎర్ర బాణాలు కూడా అదే కోవలోకి వస్తాయని నా అభిప్రాయం. రోజూ తెర మీద నగరాలు కాలిపోతుంటే, నిజంగా ఒక నగరం కాలినరోజు చూసేవారి మనసు కదలదు.

ఇటువంటి కార్యక్రమాన్ని తెలుగువారు చూడరని, ప్రకటనలు రావని అంటారేమో. ఓట్ల లెక్కింపు రోజున నియోజకవర్గాల పటాలను మన చానళ్లు ఎంత చక్కగా, ఎంత వివరంగా చూపిస్తాయో, రచ్చబండ దగ్గర వాటి మీద ఎంత లోతైన చర్చ జరుగుతుందో అందరికీ తెలుసు. ఏ మండలంలో ఏ మొగ్గు ఎందుకుందో పటం చూసి చెప్పగల ప్రేక్షకులు మనకు ఉన్నారు. ఇక తుపానులు. 1996 నవంబరు తుపానును, 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ను చవిచూసిన కోస్తావారు వాతావరణ శాఖ ఇచ్చే తుపాను గమనం పటాన్ని వైద్యుడు ఎక్స్‌రేను చూసినంత శ్రద్ధగా చదువుతారు. అది ఏ తేదీన, ఏ గంటకు గీసిన పటమో ముందు చూస్తారు, ఆ తరువాత అది తీరం దాటే చోటు నుంచి తమ ఊరు ఎంత దూరమో లెక్క కట్టుకుంటారు. అంత నిశితంగా పటం చదవగల ప్రేక్షకులకు యుద్ధం విషయం వచ్చేసరికి మాత్రం మంటల బొమ్మలు చాలునని అనుకోవడం వారిని తక్కువ చేయడమే.

వనరుల కొరత కూడా లేదు. ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే జాతీయ సుదూర గ్రాహక కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. అది నడిపే భువన్ పటాలు 2009 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. సముద్ర సమాచారాన్ని, సునామీ హెచ్చరికలను అందించే ఇన్‌కాయిస్ అదే నగరంలో ఉంది. భారత సర్వే విభాగపు శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో భూగోళశాస్త్ర శాఖలు ఉన్నాయి. పటాలు తయారుచేయడం, వాడుకోవడం మీద అంతకు ముందున్న అనుమతుల చిక్కులను 2021 ఫిబ్రవరిలో కేంద్రం చాలావరకు తొలగించింది కూడా. పటాలు గీయగల యువత మన సాఫ్ట్‌వేర్ సంస్థల్లో వేలమంది ఉన్నారు. లేనిదల్లా, ఒక విషయం మీద వారం రోజులు పనిచేసి 12 నిమిషాలు మాత్రమే మాట్లాడే ఓపిక గల ఒక చిన్న బృందాన్ని పోషించాలన్న సంకల్పం. నా దృష్టిలో ఆ బృందంలో పాత్రికేయుడితో పాటు భూగోళశాస్త్రం చదివినవారు ఒకరు, చరిత్ర చదివినవారు ఒకరు తప్పక ఉండాలి. ప్రైవేటు చానళ్లు ముందుకు రాకపోతే దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి చానళ్లు ఉమ్మడిగా చేపట్టినా ఎంతో మేలు.

దీనివల్ల బడులకు కలిగే ప్రయోజనం గురించి కూడా చెప్పాలి. ఫ్రాన్స్‌లో చరిత్ర, భూగోళం ఒకే ఉపాధ్యాయుడు కలిపి చెప్పే పాఠ్యాంశం. 2019 నుంచి అక్కడి ఉన్నత పాఠశాలల్లో భౌగోళిక రాజకీయాలను కూడా చేర్చిన ఒక ప్రత్యేక పాఠ్యాంశం వచ్చింది. ఆర్టే కార్యక్రమం అక్కడి తరగతి గదుల్లో విరివిగా వాడుకలో ఉంది. మన దగ్గర పదో తరగతిలో పటం గుర్తింపు ప్రశ్నకు మార్కులు తెచ్చుకోవడం కోసం పిల్లలు గంగా నదిని, థార్ ఎడారిని పటంలో గుర్తించడం నేర్చుకుంటారు. ఆ తరువాత ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీల్లో చేరేవారికి పటంతో సంబంధమే తెగిపోతుంది. అక్కడినుంచి పదేళ్లకు ఆ పిల్లలే డల్లాస్‌కో, దుబాయికో, మెల్‌బోర్న్‌కో వెళ్తారు, లేదా గ్రూప్స్ పరీక్షల కోసం అశోక్‌నగర్ గదుల్లో కూర్చుని అదే అట్లాస్‌ను మొదటి నుంచి తిరగేస్తారు. సిలిగురి దగ్గర మన దేశం ఇరవై కిలోమీటర్ల చిల్లర వెడల్పుకు కుంచించుకుపోతుందని, ఈశాన్య రాష్ట్రాలకు నేల దారి అదొక్కటేనని, ఒకరి నేల మధ్య చిక్కుకున్న మరొకరి భూభాగాల మార్పిడిలో బంగ్లాదేశ్‌కు 2015లో మనం 111 ఇచ్చి 51 తీసుకున్నామని పుస్తకంలో ఒక్కో వాక్యంగా చదివినవారికి, ఆ మూడు వాక్యాలూ ఒకే పటంలోనివని చెప్పేవారు కావాలి.

చానళ్లకు నేను చేసే మనవి ఇదైతే, మీ పత్రికకు కూడా ఒక మనవి ఉంది. ఆదివారం సంచికలో అర పేజీ కేటాయించి, ఆ వారం వార్తల్లోకి వచ్చిన ప్రాంతపు పటాన్ని స్కేలుతో, తేదీతో, ఆధారంతో, తెలుగు పేర్లతో ప్రచురించండి. దేశాల పేర్లతో సరిపెట్టకుండా, నదుల, కనుమల, రేవుల పేర్లు కూడా స్పష్టంగా చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. పక్కన నాలుగు వందల మాటల వివరణ చాలు. మొదటిది సర్ క్రీక్ అయితే శ్రీకాకుళం తీరంలో దాన్ని కత్తిరించి దాచుకునేవారు ఉంటారు. కోనసీమలో ఇప్పటికీ పాఠాలు చెబుతున్న మా సహోపాధ్యాయులు అటువంటి పటాలను తరగతి గదుల గోడలకు అంటించి, సోమవారం మొదటి పీరియడ్‌లో వాటి మీద పాఠం చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని,
అమలాపురం